చుట్టాలెవరూ లేని ఊరు

కళ్ళజోళ్ళ షాపు,
సోమవారం, బేరాల్లేని వేళ

అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంటే ముందు పక్కన పెట్టెయ్. దుప్పటి కాలితే నన్ను తిట్టకు.

మొన్న ఒకాయన షాపుకి వచ్చాడు. ఓడలో వంటవాడట. కళ్ళజోడు కాడ విరిగింది. ఏమయిందండీ అంటే "చలికి" అన్నాడు. చలికి కళ్ళజోడు విరుగుతుందా అని నవ్వాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కాడ మార్చేదాకా చెప్తూనే ఉన్నాడు. భూమికి నెత్తిన ఒక దీవి ఉందట. అందులో చిన్న ఊరు. మామూలు విమానాలు అంతకన్నా పైకి పోవు. చెట్టన్నది లేదు. పిల్లిని పెంచుకోనివ్వరు, పక్షుల్ని తినేస్తుందని. ఊరు దాటాలంటే తుపాకి ఉన్న మనిషి తోడుండాలి, తెల్ల ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి. ఎండాకాలంలో నెలల తరబడి సూర్యుడు అస్తమించడు.

ఆయన ఎలుగుబంట్ల గురించి చెప్తుంటే నాకు మాత్రం ఒకటే తోచింది. ఆ ఊళ్ళో మన చుట్టాలెవరూ ఉండరు!

వెళ్దామా అక్కా? నువ్వూ నేనూ?

నవ్వకు. ఒకే ఇంటి కోడళ్ళమై పదకొండేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం. బావగారిని అడక్కుండా మా ఆయన కోత మిషను కొన్నాడు. ఆ మిషను వడ్రంగి షెడ్డుతో పాటు ఇంటిని కూడా రెండు ముక్కలు కోసింది. ఒకరి గుమ్మం ఒకరు తొక్కకూడదని అన్నదమ్ములు పంతం పట్టారు. పంతం వాళ్ళది, పాటిస్తున్నది మనం. మధ్యలో సగం పూట బస్సు ప్రయాణమే ఉంది, నాలుగేళ్ళుగా నీ మొహం చూడలేదు. ఫోన్‌లో నీ పేరు కనిపిస్తే ఇక్కడ రెండు రోజులు వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

అక్కడ పొద్దు వాలదు. "ఇంక చాలు, లైటు ఆర్పండి" అనేవాళ్ళుండరు. నీతో మాట్లాడాలి. సగంలో లేవకుండా, ఒక్కసారి, పూర్తిగా.

జవాబు షాపుకే రాయి.

నీ పిచ్చుక

*

హోటలు లాండ్రీ,
భోజనాల వేళ

పిచ్చుకా,

నీకు మతి పోయింది. ఫ్రిజ్ తలుపు తీస్తేనే తుమ్ములొస్తాయి నాకు. నన్ను తీసుకెళ్ళి ఎలుగుబంటికి అప్పజెప్తావా?

"కుదరదు" అని ఒక్క ముక్క రాసి కవరు అంటించేశాను కూడా. పోస్టు చెయ్యలేదు. ఇక్కడ రోజంతా ఆవిరి. దుప్పట్లు రోలరులోకి తోస్తుంటే చెమట కళ్ళల్లోకి కారుతుంది. తుడుచుకుంటూ, కళ్ళజోడు విరిగేంత చలి ఎలా ఉంటుందా అనుకున్నాను. మర్నాడూ అదే ఆలోచన. దిండు గలేబులు పెట్టాల్సిన చోట తువ్వాళ్ళు పెట్టి మా సూపర్‌వైజరమ్మ చేత చీవాట్లు తిన్నాను. నీ పుణ్యమే.

సరే, ఎంతవుతుంది? "చాలా" అని రాయకు. నీ లెక్కలు నాకు తెలుసు. ఇంటి ఖర్చు రాసేటప్పుడు "చిల్లర" అని ఒక లైను రాసి, సినిమాలూ ఐస్‌క్రీములూ అన్నీ అందులో దాచేదానివి. ఈసారి అలా కుదరదు. విమానం ఎంత, మంచం ఎంత, తిండి ఎంత, కోట్లు కొనాలా, బాత్రూము గదిలోనా బయటా, అన్నీ విడివిడిగా కావాలి.

మీ బావగారు బాగానే ఉన్నారు. పెద్ద పెద్ద చెక్కలు ఒక్కరే మోస్తున్నారు, చెప్తే వినరు.

నేను వస్తానని అనలేదు. లెక్క అడిగానంతే.

అక్క

*

కళ్ళజోళ్ళ షాపు,
వెనకవైపు బల్ల దగ్గర

అక్కా,

లెక్క అడిగావంటే సగం బయల్దేరినట్టే.

టిక్కెట్ల ఏజెంటు దగ్గరికి వెళ్ళాను. ఊరి పేరు చెప్తే "అక్కడికి ఎవరూ వెళ్ళరండీ, సముద్రపు ఒడ్డున మంచి రిసార్టు చూడనా?" అన్నాడు. వద్దన్నాను. మూడు విమానాలు మారాలి, మొదటి రెండూ నీకు మీ వైపు నుంచి, నాకు మా వైపు నుంచి. ఒక్కొక్కరికీ విమానాలకే మన నాలుగు నెలల జీతం. విన్నాక అక్కడే మంచినీళ్ళు అడిగి తాగాను. ఆ తర్వాత బేరం మొదలుపెట్టాను. మన దగ్గర డబ్బు లేకపోవచ్చు గాని, పీక్కుతినడంలో మనల్ని మించినవాళ్ళు లేరు కదా!

నడి ఎండాకాలంలో రేట్లు మండిపోతున్నాయి. నడి చలికాలం చవకే, కానీ అప్పుడు సూర్యుడే రాడు. చీకట్లో కూర్చోవడానికి అంత దూరం దేనికి? మే నెల మొదట్లో అయితే మంచు ఇంకా ఉంటుంది, సూర్యుడూ అస్తమించడు, జనం రారు. మూడో వంతు తగ్గింది. హోటలు కొట్టేశాను. ఒకప్పుడు బొగ్గుగని కూలీలు ఉన్న బ్యారక్‌ని సత్రంలా మార్చారట. ఇద్దరికీ ఒక గది, బాత్రూము వరండా చివర, వంటగది అందరికీ కలిపి. లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు బయటే విప్పాలట. అది వినగానే ఆ ఊరంటే గౌరవం పుట్టింది నాకు.

తిండి దగ్గరే గుండె ఆగింది. కూరగాయలన్నీ విమానంలో రావాలి కదా, అక్కడ ఒక్క టమాటా ధరకి ఇక్కడ ఇద్దరం కడుపునిండా తినచ్చు. కాబట్టి వండుకునేవన్నీ మనమే మోసుకెళ్ళాలి.

ఒక్క విలాసం మిగిల్చాను. మంచు మీద కుక్కలు లాగే బండి, అరపూట సవారీ. వద్దనకు.

వీసా కాగితాల్లో "మీ ఇద్దరికీ సంబంధం ఏమిటి?" అని ఉంది. "తోడికోడళ్ళం" అన్నాను. ఏజెంటు దగ్గర కాగితాలు నింపే కుర్రాడికి అర్థం కాలేదు. "సొంత అక్కచెల్లెళ్ళా?" "కాదు." "ఒకే ఇంట్లో ఉంటారా?" "ఉండేవాళ్ళం." "మరి ఇప్పుడు?" "ఉత్తరాలు రాసుకుంటాం." బుర్ర గోక్కుని "స్నేహితులు" అని రాశాడు. మొదట కోపం వచ్చింది. బస్సెక్కాక, వాడే సరిగ్గా రాశాడేమో అనిపించింది.

నీ పిచ్చుక

*

హోటలు లాండ్రీ,
ఆదివారం అదనపు డ్యూటీలో

పిచ్చుకా,

కోట్లు దొరికాయి. కొనక్కర్లేదు. గెస్టులు మర్చిపోయి వెళ్ళిన బట్టలు ఏడాది దాటితే పనివాళ్ళకి ఇచ్చేస్తారు. రెండు ఉన్ని కోట్లు మూలన పడి ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. సూపర్‌వైజరమ్మని అడిగితే "ఈ ఎండల్లో నీకెందుకమ్మా?" అంది. "మా చెల్లెలికి చలి ఎక్కువ" అన్నాను. వేసుకుని చూశాను. ఆవిరి గదిలో, మెడదాకా బొత్తాలు పెట్టుకుని. పనమ్మాయిలు పడీ పడీ నవ్వారు. నీది ఆకుపచ్చ. చేతులు పొడుగు, మడిచి కుట్టేశాను. నీ చెయ్యి కొలత నాకు అడగక్కర్లేదుగా.

ఆదివారాలు కూడా పనికి వస్తున్నాను. మీ బావగారు ఎందుకని అడిగితే, మనుషులు తక్కువగా ఉన్నారన్నాను. ఇంకా చెప్పలేదు. చెప్తాను.

కుక్కల బండి కొట్టెయ్. ఆ డబ్బుకి గది ఇంకొక రోజు వస్తుంది. కుక్కల్ని రోడ్డు మీద నిలబడి ఊరికే చూడచ్చు. నాకు ఆ ఒక్క రోజు కావాలి.

ఇంట్లో సాయంత్రాలు మరీ పొడుగ్గా ఉంటున్నాయే. మంచి మాట ఏదైనా వింటే నీకు చెప్పాలని వంటింట్లోకి వస్తాను. వచ్చాక గుర్తొస్తుంది.

అక్క

*

కళ్ళజోళ్ళ షాపు,
గురువారం

అక్కా,

చెప్పేశాను! మా ఆయన షెడ్డులో చిత్రిక పడుతున్నాడు. చప్పుడులో అయితే ధైర్యంగా ఉంటుందని అప్పుడే చెప్పాను.

"మే నెలలో నేను ఊరెళ్తున్నాను."

"ఎవరితో?"

"అక్కతో."

చిత్రిక ఆగిపోయింది. అక్క అంటే నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? అరుస్తాడనుకున్నాను. చెక్క మీద పొట్టు చేత్తో తుడిచి, ఊది, మళ్ళీ తుడిచాడు. "నీ డబ్బు, నీ ఇష్టం" అన్నాడు. అంతే. రెండు రోజుల తర్వాత అన్నం తింటూ, తల ఎత్తకుండా అడిగాడు. "వదిన వస్తానందా?"

వదిన అన్నాడు అక్కా. నాలుగేళ్ళుగా "వాళ్ళు" అనేవాడు.

ఇప్పుడిక నీ వంతు. నెలాఖరులోగా అడ్వాన్సు కడితేనే ఈ రేటు. నీ సంతకాలు కావాలి, కాగితాలు ఇందులోనే పెట్టాను. బావగారికి చెప్పి వెంటనే పంపు.

నీ పిచ్చుక

*

హోటలు లాండ్రీ

చెల్లికి,

ఉత్తరం అందింది. ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మే నెలలో పెళ్ళి పార్టీల వాళ్ళు హోటలు మొత్తం తీసుకున్నారట, సెలవు దొరుకుతుందో లేదో. మోకాలు కూడా ఈమధ్య పట్టేస్తోంది, మంచు మీద ఎలా నడుస్తాను? నాకు తీసుకున్న కోటు భుజాల దగ్గర బిగుతుగా ఉంది. విమాన ఛార్జీలు కూడా ఇంకాస్త తగ్గుతాయేమో చూడచ్చు.

వచ్చే ఏడాది అయితే తీరిగ్గా ఉంటుందేమో ఆలోచించు. ఆరోగ్యం జాగ్రత్త.

అక్క

*

షాపు

అక్కా,

"చెల్లికి" అని రాశావు. పదకొండేళ్ళూ ఆ తర్వాత నాలుగేళ్ళూ నువ్వు నన్ను అలా పిలవలేదు.

నీ మోకాలికి ఏమీ కాలేదు. కోటు బిగుతైతే విప్పి కుట్టుకోగలవు. రానంటే రానని రాయి. ఛార్జీల మీదకి నెట్టకు.

*

హోటలు లాండ్రీ,
అందరూ వెళ్ళిపోయాక

పిచ్చుకా,

మోకాలికి ఏమీ కాలేదు. కోటు సరిగ్గానే ఉంది. సెలవు ఎప్పుడో ఇచ్చేశారు.

ఆ రోజు మీ సామాను లారీలో ఎక్కించాక నువ్వు ముందు సీట్లో కూర్చున్నావు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బయటికి రాలేదు. మీ బావగారికి కోపం వస్తుందని కాదు, వస్తే నీ చెయ్యి వదలలేనని. లారీ మలుపు తిరిగాక గిన్నెలు తోమాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. ఆ తర్వాత చాలాకాలం, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమని గరిటె పక్కకి చాచేదాన్ని. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయేది.

ఇప్పుడిప్పుడే ఆ అలవాటు పోయింది. నువ్వు లేకుండా వంట చెయ్యడం వచ్చింది.

నీతో వస్తే ఆ రోజులన్నీ బాగుంటాయి. నాకు తెలుసు. మరి ఆఖరి రోజు? నువ్వొక విమానం, నేనొక విమానం. ఇంటికొచ్చి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోవాలి. ఎలుగుబంటికి నేను భయపడను. విమానాశ్రయంలో నడిచి వెళ్ళిపోతున్న నీ వీపు చూడాలంటే భయం.

నా వల్ల కాదే. ఎవరినైనా తోడు తీసుకుని నువ్వు వెళ్ళు. ఆకుపచ్చ కోటు పంపిస్తాను.

అక్క

*

కళ్ళజోళ్ళ షాపు,
పొద్దున్నే, తాళం తీసిన వెంటనే

అక్కా,

కిటికీలోంచి చూశావా?

నేను లారీలో తల తిప్పి మన గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. అక్క రాలేదు, ఒక్క అడుగు బయటికి వెయ్యలేదు అని ముల్లు గుచ్చుకుని ఉండిపోయింది. కడుపులో బిడ్డ పోయినప్పుడు వారం రోజులు నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి, నేను వెళ్ళిపోతుంటే రాలేదేమిటా అని. ఇంటి గొడవలో నేనూ పరాయిదాన్నయిపోయాను కాబోలు అనుకున్నాను. నీకు రాసిన ఏ ఉత్తరంలోనూ అడగలేదు. అడిగితే నువ్వు అవునంటావేమోనని.

ఇప్పుడు నా మాట విను. ఆ రోజు మనం విడిపోలేదు, మనల్ని విడదీశారు. లారీ ఎప్పుడొస్తుందో కూడా మనకెవరూ చెప్పలేదు. ఈసారి రోజు పెట్టుకున్నది మనం. కలిసేదీ మనమే, విడిపోయేదీ మనమే. చేతులు పట్టుకుని, చెప్పుకోవలసినవి చెప్పుకుని, నీ వీపు నేను, నా వీపు నువ్వు చూసుకుని మరీ విడిపోదాం. మనకి ఒక వీడ్కోలు బాకీ ఉంది అక్కా. అది నాకు కావాలి.

నీ భయం నాకూ ఉంది. భయం ఉన్నా రా.

అడ్వాన్సు ఇద్దరికీ కట్టేశాను. ఏజెంటు తిరిగి ఇవ్వడట. అడిగి మరీ తెలుసుకున్నాను.

నీ పిచ్చుక

*

హోటలు లాండ్రీ,
శనివారం

పిచ్చుకా,

సంతకాలు పెట్టిన కాగితాలు ఇందులో ఉన్నాయి.

మీ బావగారితో చెప్పాను. అన్నం వడ్డిస్తూ, "నేను వచ్చే నెల ఊరెళ్తున్నాను" అన్నాను.

"ఏ ఊరు?"

"ఉత్తరాన. బాగా పైన."

"అక్కడ మనకెవరున్నారు?"

"ఎవరూ లేరు. అందుకే వెళ్తున్నాను. మీ మరదలితో."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి రాసుకుంటున్నారు?" అన్నారు. మొదటి నుంచీ అన్నాను. "నాకు చెప్పలేదేం?" అన్నారు. "ఆ పేరెత్తితే మీరు కంచం ముందు నుంచి లేచిపోతారు. ఇప్పుడు లేవండి, నేను మాత్రం ఆగను. మీరూ మీ తమ్ముడూ మాట్లాడుకుంటారో మానేస్తారో మీ ఇష్టం. నా పక్కన నిలబడి పదకొండేళ్ళు వంట చేసిన మనిషి నాకు కావాలి" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

ఆయన లేవలేదు. మజ్జిగ అడిగారు.

మర్నాడు నా బూట్లు కనపడలేదు. షెడ్డులో ఉన్నాయి. మంచు మీద జారకుండా అడుగున గరుకు రబ్బరు ముక్కలు అంటిస్తున్నారు. రెండో జతకి కూడా సరిపడా కోసి సంచిలో పడేశారు. 

వస్తున్నాను. రెండో విమానం మారే చోట నువ్వు ముందు వస్తావు కదా. అక్కడే నిలబడు. ఎక్కడికీ కదలకు.

అక్క

*

కళ్ళజోళ్ళ షాపు,
మే నెల మధ్యలో

అక్కా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదు. పక్కన నువ్వుంటే ఎవరికి రాయను?

ఇవాళ మళ్ళీ పెన్ను పట్టుకున్నాను. ఒక్క లైను రాసి రెండుసార్లు లేచాను. షాపులో అందరూ అడుగుతున్నారు, ఎలుగుబంటి కనపడిందా అని. లేదంటే నిరుత్సాహపడుతున్నారు. ఏం చెప్పను వాళ్ళకి? తెల్లటి కొండల మధ్య రంగురంగుల చెక్క ఇళ్ళు ఉన్నాయని చెప్పాను. మంచు మీద పడ్డ వెలుగుకి కళ్ళు తెరవలేకపోయామని చెప్పాను. కుక్కల్ని ఊరికే చూద్దామని వెళ్తే, వాటి యజమానురాలు నీ మొహం చూసి జాలిపడి, వాటికి తిండి పెట్టే పని మన చేత చేయించుకుందని చెప్పాను. ఆకుపచ్చ కోటంతా కుక్క బొచ్చే. ఇంకా ఉతకలేదు.

చెప్పనిది ఒకటుంది. మూడో రోజుకి మన మాటలు అయిపోయాయి. నువ్వు గమనించావో లేదో. బావగారి సంగతి, మా ఆయన సంగతి, పోయిన బిడ్డ సంగతి, అన్నీ అయిపోయాయి. వంటగదిలో ఉప్పు దగ్గర పోట్లాట కూడా అయిపోయింది. నాకు భయం వేసింది. ఇంతేనా, దీనికోసమా ఇంత ఖర్చు పెట్టాం అని. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని సాక్సు చిల్లు కుడుతున్నావు. బయట సూర్యుడు కిందికి దిగకుండా కొండల మీదుగా పక్కకి నడుస్తున్నాడు. నేను మంచం మీద పడుకుని నిన్ను చూస్తున్నాను. నువ్వు ఏమీ మాట్లాడలేదు, నా వైపు చూడనైనా లేదు. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు. అప్పుడు తెలిసింది, నేను ఇన్నాళ్ళూ వెతుక్కున్నది మాటల కోసం కాదని. నువ్వు అదే గదిలో ఉండటం, అంతే నాకు కావలసింది.

విమానాశ్రయంలో అంత ధైర్యంగా నీ చెయ్యి వదిలాను కదా. ఇంటికొచ్చాక ఆ ధైర్యం ఎటు పోయిందో! నిన్న పప్పు పొయ్యి మీద పెట్టి, చిల్లున్న సాక్సు ఒకటి వెతుక్కుని, కిటికీ దగ్గర కూర్చున్నాను. పప్పు మాడిపోయింది. నీ భయం నాకు అంటించి వెళ్ళిపోయావు అక్కా. నేనే గొప్పగా రాశాను, వీడ్కోలు కావాలని. అది దొరికింది. ఇప్పుడేం చెయ్యాలి?

నీ పిచ్చుక

*

ఇంటి నుంచి,
బుధవారం

పిచ్చుకా,

ఏడిస్తే ఏడువు. నేనూ ఏడ్చాను. నువ్వు గాజు తలుపులు దాటి వెళ్తూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపావే, అప్పుడు కాదు. విమానంలో భోజనం ట్రే తెచ్చి పెడితే, అందులో నీకు ఇష్టమైన తీపి ముక్క ఉంటే, అప్పుడు. పక్క సీటాయన తన ముక్క కూడా నాకే ఇచ్చాడు.

కానీ నేను అనుకున్నంత కాలేదే. నీ వీపు చూశాను. చూసి, నా సంచి నేనే ఎత్తుకుని, నా విమానం ఎక్కడో నేనే కనుక్కుని ఎక్కాను. పెళ్ళయ్యాక ఈ ప్రయాణం దాకా ఒంటరిగా పక్క ఊరికైనా వెళ్ళని దాన్ని! దిగేసరికి మీ బావగారు బయట నిలబడి ఉన్నారు. సంచి అందుకున్నారు. సగం దారి వచ్చాక, "వాడు చిక్కాడా?" అన్నారు. "నేను చూసింది మీ మరదల్ని, మీ తమ్ముణ్ణి కాదు. తెలుసుకోవాలంటే మీరే వెళ్ళి చూడండి" అన్నాను. 

ఆ రోజు నుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆ ఊరికి వెళ్ళడానికి ఎన్ని ఆదివారాలు పని చేశాం! ఎన్ని సంతకాలు, ఎన్ని కుట్లు, ఎన్ని అబద్ధాలు! అంతా చేసి మనం చూసింది ఏమిటి? నువ్వు నన్నూ, నేను నిన్నూ. మీ ఇల్లు ఇక్కణ్ణించి సగం పూట బస్సు. టిక్కెట్టు నా ఒక్కరోజు కూలి కూడా కాదు. ఎలుగుబంట్లు తిరిగే చోట నడిచి వచ్చిన దాన్ని, మీ ఇంటి మెట్లు ఎక్కలేనా? నీ దగ్గరికి రావడానికి భూమి అంచుదాకా వెళ్ళి రావలసి వచ్చింది నాకు. ఎంత బుద్ధి తక్కువ మనుషులమే!

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. ఎవరినీ అడగలేదు, చెప్పానంతే. మా మరిది తలుపు తీస్తే లోపలికి వస్తాను. తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను, నువ్వే కిందికి దిగిరా. పప్పు నేను వండుతాను. నువ్వు ముట్టుకోకు.

ఇంకో సంగతి. ఆదివారం బస్సు ఎన్నింటికని మీ బావగారు పొద్దుటి నుంచి రెండుసార్లు అడిగారు. ఎందుకని నేను అడగలేదు.

అక్క